యూరోపా మీద జంట గట్లు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో బంద్ వచ్చిందంటే మా ఇద్దరికీ పండగే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాళ్లం, ఇద్దరు ఆడపిల్లలం ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం. నాది నల్గొండ పక్క పల్లె, నా స్నేహితురాలిది కృష్ణా జిల్లా. పప్పులో కారం దగ్గర తప్ప మాకు పేచీ రాలేదు.

ఆమెకు యూరోపా అంటే పిచ్చి. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో అదొకటి, ఒళ్లంతా మంచే. ఆ మంచు మీద మైళ్ల కొద్దీ జంట గట్లు, వాటి నడుమ లోయ. అవెలా వచ్చాయని ఒక బంద్ నాడు అడిగాను. ఆమె వెంటనే ఇంటి ఓనరమ్మ ఫ్రీజర్‌లో గిన్నెడు నీళ్లు పెట్టింది. సాయంత్రం తీసి చూస్తే గడ్డ నడుమ ఉబ్బి, పగిలి ఉంది.

"పైన ముందు గడ్డకడుతుంది కదా, లోపలి నీళ్లు గడ్డకట్టేటప్పుడు చోటు చాలక పైకి తోస్తాయి. అక్కడ కూడా పగుల్లోకి నీళ్లు చేరి, గడ్డకట్టి, రెండు పక్కలా మంచును లేపుతాయని ఒక ఊహ. ఎవరూ వెళ్లి చూసి రాలేదులే," అంది.

కింద రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. ఆ నినాదాలకు నాకు ఒళ్లు పొంగింది.

"అయితె మీ గట్టు మీది, మా గట్టు మాది. రాష్ట్రం రానియ్యి, ఇగ నువ్వు సామాను సదురుకునుడే," అన్నాను.

నవ్వుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. గిన్నె కడిగి ఓనరమ్మకు ఇచ్చి వచ్చి పడుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు. క్షమించమంటే ఉద్యమానికే తలవంపులన్నట్టు నేను బిగుసుకున్నాను. నా అంత మూర్ఖురాలు ఉండదు.

నెల తిరక్కుండానే ఆమె విజయవాడలో ఉద్యోగం చూసుకుంది. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించడానికి సంచీ మోసుకుని నేనే వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చుని అడిగింది:

"ఆ రోజు నువ్వన్నది తమాషాకేనా?"

ఒక్క 'అవును' చాలు, దిగిపోయేది. ఆ సంగతి ఆమె ముఖంలోనే కనిపిస్తోంది.

"ఇప్పుడెందుకే గా ముచ్చట? జర పైలంగ పో," అన్నాను.

రాష్ట్రం వచ్చిన నాడు రంగులు చల్లుకుని, గొంతు పోయేదాకా అరిచి గదికి వచ్చాను. ఆ సంతోషం చెప్పుకోవాలనిపించింది ఆమెకే. తలుపు వేసుకుని ఏడ్చాను.