వానకి కాపలా

హాలండ్ అంటే నాకు తెలిసింది సినిమా పాటలే. ఎకరాలకొద్దీ ట్యులిప్ పూలు, వెనక ఒక గాలిమర, ముందు చలికి వణుకుతూ నవ్వే హీరోయిన్. అంతకుమించి ఆ దేశంతో నాకు పని పడుతుందనుకోలేదు. ఆక్లండ్ వచ్చి ఫ్లాట్ బుష్ అనే పేటలో ఇల్లు కొనుక్కున్నాక తెలిసింది, ఆ దేశం మా పక్కింట్లోనే కాపురం ఉంటోందని.

పక్కింటావిడకి ఎనభైకి కాస్త తక్కువుంటాయి. ఒక్కతే ఉంటుంది. మా అమ్మాయి ఆంటీ అంటుంది కాబట్టి మాకూ ఆంటీయే. చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చిందట. వాళ్ళ ప్రాంతం పేరు జీలాండ్, అంటే సముద్రపు సీమ. "మీరిప్పుడు ఉంటున్న దేశానికి మా జిల్లా పేరే పెట్టారు" అని పరిచయమైన రోజునే చెప్పింది. న్యూజిలాండ్ అని ఎన్ని ఫారాల మీద రాసుంటానో! కొత్తది ఉందంటే పాతదొకటి ఉండాలి కదా అని ఏనాడూ తట్టలేదు నాకు.

ఆవిడ కిటికీలకి కర్టెన్లుండవు. వాళ్ళ దేశంలో చాలా ఇళ్ళు అంతేనట, దాచుకోవడానికి ఏముందంటుంది. మనమేమో దిష్టి తగులుతుందని గుమ్మానికి గుమ్మడికాయ కట్టే జాతి. కొత్తలో గిన్నెడు పులిహోర పట్టుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళి తలుపు కొట్టాను. గిన్నె అందుకుని, థాంక్స్ చెప్పి, "కాఫీకి శనివారం పదిన్నరకి రాగలవా?" అని తలుపేసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మూతి ముడుచుకునే వెళ్ళాను శనివారం. ఒక కాఫీ, ఒకే ఒక బిస్కెట్. కానీ ఆ గంటసేపూ ఆవిడ ఫోను ముట్టుకోలేదు, గడియారం చూడలేదు, నేను చెప్పిందల్లా విన్నది. మన ఇళ్ళకి ఎవరైనా వస్తే టీవీ కూడా వాళ్ళతో పోటీపడి మాట్లాడుతుంది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు గౌరవం.

ఒక్కటే అర్థమయ్యేది కాదు. వాన గట్టిగా పట్టిందంటే చాలు, ఆవిడ గమ్‌బూట్లు తొడుక్కుని వెనక కిటికీ దగ్గర నిలబడేది. కూర్చునేది కాదు. వాన వెలిసేదాకా అలా చూస్తూనే ఉండేది. ఆక్లండ్‌లో వానకి నిలబడటం మొదలుపెడితే జన్మంతా నిలబడాలి అని మా ఆయన నవ్వేవాడు.

ఇక మా ఆయన సంగతి. ఆఫీసులో రీస్ట్రక్చరింగ్ అన్నారు. మనిషికి నిద్ర పట్టడం మానేసింది. ఇండియాలో ఉన్న సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపించాడు. నైరుతి మూల పల్లంగా ఉంది, అందుకే ఉద్యోగం ఊగుతోంది, ఎత్తు చేయించండి అన్నారాయన. నేను వెనక నుంచి, "ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడండీ, మరి వాస్తు తిరగబడదా?" అన్నాను. "దిక్కులు మారవమ్మా" అన్నారు. ఆ శుక్రవారమే ట్రైలర్ నిండా మట్టి దిగింది. నైరుతి మూల చిన్న గుట్టయింది.

ఆ మూల పల్లంగా ఉన్నది ఊరికే కాదు. వానొస్తే ఆంటీ వెనక పెరడు నీళ్ళు మా పెరట్లోంచి కిందనున్న వాగులోకి పోవడానికి గడ్డి పరిచిన బోదె ఒకటుంది. అది మా స్థలంలోకి వచ్చేది సరిగ్గా అక్కడే.

మర్నాడు ఆంటీ మా ముగ్గురినీ కాఫీకి పిలిచింది. బిస్కెట్ చేతిలో పెట్టి, నవ్వకుండా, కోపం లేకుండా, మా ఆయనతో చెప్పింది. "మీ మట్టి నా ఇంటిని ముంచుతుంది."

"అది మా స్థలం ఆంటీ" అన్నాడు మా ఆయన. మొహం ఎర్రబడింది.

మాది కృష్ణ సముద్రంలో కలిసేవైపు. గట్టు తగాదా అంటే ఏమిటో నాకు తెలుసు. మూడు తరాలు కోర్టుకి తిరుగుతారు, పెళ్ళిళ్ళకి పిలుపులు ఆగిపోతాయి. ఆవిడ మాత్రం కుర్చీ ముందుకి లాక్కుంది. వాళ్ళ దేశంలో చాలాభాగం సముద్రం కంటే పల్లంలో ఉందట. ఒకరంటే ఒకరికి పడని రైతులు కూడా సముద్రాన్ని ఆపే కట్ట సంగతి వచ్చేసరికి ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారట. నీళ్ళు ఎవరిది తప్పని అడిగి రావు కదా అంది. కట్ట వేయనివాడు ఊరు వదలాలని సామెత కూడా ఉందట.

మా అమ్మాయి మధ్యలో దూరింది. "ఆంటీ, మీ కంట్రీ గురించి ఒక్క సెంటెన్స్‌లో చెప్పాలంటే ఏం చెప్తారు?"

ఆవిడ దానివైపు తిరిగింది. "నీళ్ళు పెరిగినప్పుడు కట్ట మీద ఒకరు కాపలా ఉంటారు, అందుకని మిగతావాళ్ళు నిద్రపోగలరు. అదీ మా దేశం."

అంతే నెమ్మదిగా మిగతాది చెప్పింది. ఆవిడ ఏడేళ్ళప్పుడు ఓ చలికాలపు రాత్రి వాళ్ళ ఊరి కట్ట మీద ఎవరూ లేరు. సముద్రం ఇళ్ళలోకి వచ్చేసింది. వీళ్ళు అటకెక్కారు. పక్కింటివాళ్ళ కేకలు వినిపిస్తూనే ఉన్నాయట. తెల్లారేసరికి వినిపించలేదు. ఆ ఏడాదే నాన్న ఓడ టిక్కెట్లు తీశాడు. "నీళ్ళకి ఒక ఇల్లు వదిలేశాను. ఇంకొకటి వదిలే వయసు కాదు నాది."

మా అమ్మమ్మ ఉప్పెన గురించి ఇలాగే చెప్పేది, "నీళ్ళు రాలేదే, సముద్రమే లేచి నడిచొచ్చింది" అని. ప్రపంచానికి అటుచివర పుట్టిన మనిషి నోట మళ్ళీ మా అమ్మమ్మ మాట విన్నాను. మా ఆయన బిస్కెట్ తినకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి, మీకేం కావాలి?" అని అడిగింది ఆయన్ని. మూల ఎత్తుగా ఉండాలన్నాడు, గొంతు తగ్గించి. ఎందుకో కూడా చెప్పాడు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీకు ఎత్తు కావాలి, నాకు నీళ్ళ దారి కావాలి. రెండూ కుదురుతాయి" అంది. గుట్ట కింద నుంచి లావుపాటి గొట్టం వేయాలని తేలింది. ఒక్క చిక్కుంది. గొట్టం మూతికి ఆకులు అడ్డం పడతాయి, పెద్ద వానొచ్చినప్పుడు ఎవరో ఒకరు తీస్తూ ఉండాలి. "నేను తీస్తాను" అన్నాడు మా ఆయన. ఆవిడ అతని మొహంలోకి చూసింది. మాటివ్వడం తేలికేగా.

ఆదివారం అందరం కలిసి తవ్వాం. ఆవిడ తన పార తనే తెచ్చుకుంది. గొట్టం సంగతి సిద్ధాంతిగారికి మాత్రం చెప్పలేదు.

కొన్ని వారాలకి అసలు వాన వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. ఫోన్లలో హెచ్చరికలు మోగుతున్నాయి. మా ఆయనకి నేను గుర్తు చేయబోయేలోగా రెయిన్‌కోటు వేసుకుని, ఆకులు లాగే పళ్ళకర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ పెరట్లోకి వెళ్ళి, గొట్టం మూతి దగ్గర మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ఆకులు లాగి పడేస్తున్నాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీయని మనిషి! నీళ్ళు గొట్టంలోకి గుడగుడమంటూ దూరుతున్నాయి. ఆంటీ ఎప్పట్లాగే గమ్‌బూట్లతో కిటికీలో ఉంది. ఆయన అటు చూసి చెయ్యెత్తాడు. ఆవిడా ఎత్తింది.

వాన తగ్గలేదు. సాయంత్రమవుతుంటే ఆయనకి ఫ్లాస్కులో టీ పోసి తీసుకెళ్ళాను. తిరిగొస్తూ అలవాటుగా ఆవిడ కిటికీ వైపు చూశాను. అక్కడ లేదు. అద్దం దగ్గరికి పరుగెత్తాను.

గమ్‌బూట్లు తలుపు పక్కన విప్పి ఉన్నాయి. కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, ఆవిడ నిద్రపోతోంది.