సగం ఢిల్లీ రొట్టె

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికిన ప్రతి కుర్రాడికీ దేశాన్ని తానే నడుపుతున్నానన్న నమ్మకం జీతంతో పాటు వచ్చేది. నాకైతే జీతానికంటే ముందే వచ్చింది. డెబ్బైల చివర్లో బాన్సువాడ పంచాయతీ సమితిలో గ్రామసేవకుడిగా చేరాను. పరీక్షకు బట్టీపట్టిన ప్రణాళికల పాఠం ఇంకా నాలుక మీదే ఉండేది. ఎవరైనా బస్టాండు ఎటని అడిగినా, కేంద్రం రాష్ట్రాలకు ఎలా సాయం చేస్తుందో చెప్పిగాని వదిలేవాణ్ణి కాదు. (నేను కిరాయికున్న ఇంటి అవ్వ "గీ పిలగానికి జల్ది అన్నం పెట్టుర్రి, నోరు ఆగుతది" అనేది.)

సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి గ్రాంటు వచ్చింది. గ్రాంటంటే డబ్బనుకునేరు, గోధుమలు! అక్కడి గోదాములు నిండి పొర్లుతున్నాయట. రాష్ట్రాలకు పంచి, వాటినే కూలిగా ఇచ్చి రోడ్లు వేయించమన్నారు. అయితే ఢిల్లీ ఇచ్చేది ఏదీ ఒంటరిగా రాదు, షరతులను వెంటబెట్టుకుని వస్తుంది. గోధుమలు కూలికే వాడాలి. రోడ్డు కింద నీళ్లు పోవడానికి వేసే సిమెంటు పైపుల ఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలి. మార్చి ఆఖరుకు పని కాకపోతే మిగిలిన గోధుమలు ఇంకెవరికో పోతాయి. చేతికొచ్చింది జారిపోతుందేమోనని హైదరాబాదు వాళ్లు బడ్జెట్టు జేబులన్నీ తడిమి, వేరే పనికి పెట్టిన సొమ్ము తీసి మా పైపులకు ఇచ్చారు. ఆ వేరే పని మరేదో కాదు, మా ఆఫీసు పైకప్పు మరమ్మతే. "ఢిల్లీ రొట్టె పంపింది. గా రొట్టెల కూర కోసం హైదరాబాద్ మన గొంగడి అమ్మింది" అన్నారు మా బీడీవో సారు, పగుళ్లిచ్చిన కప్పు కేసి చూస్తూ. నా పాఠంలో ఈ ముక్క లేదు.

ఆ రోడ్డు ఒక లంబాడీ తండాకు. అక్కడి నుంచి నిజాంసాగర్ కాలువ దాటి బాన్సువాడ వైపు రావాలంటే వానాకాలంలో బండి ఇరుసుదాకా దిగబడేది. జబ్బు మనిషిని మంచం మీద మోసుకొచ్చేవారు. అంతకు ముందటేడు ఒక కోడలిని కాన్పుకు అలాగే తెస్తుంటే, దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది. తండాలో అందరూ యాడీ (వాళ్ల భాషలో అమ్మ) అని పిలిచే పెద్దామె ఉండేది. ఆ కోడలు ఆమె ఇంటిదే. ఇప్పుడు కూతురికి వానల్లో నెలలు నిండుతాయి. నేను కనబడితే చాలు, రోడ్డు ఎప్పుడవుతుందని తప్ప వేరే మాట అడిగేది కాదు.

పని మొదలైంది, వారం తిరక్కుండానే ఆగింది. గోధుమలు ఎవరికీ వద్దు. తండాలో జొన్నరొట్టె, ఊళ్లో వరి అన్నం. గోధుమ పిండిని జొన్నపిండిలా చేత్తో కొడితే అరచేతికి అతుక్కుని రాదు. తింటే కడుపులో వేడి చేస్తుందని పుకారు కూడా పుట్టింది. చెరకు తోటల్లో నగదు కూలి దొరుకుతుంటే ఈ తంటా ఎవరికి కావాలి? జనానికి గోధుమలు తినడం నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని బీడీవో సారు అడగ్గానే నేను లేచి నిలబడ్డాను. (అప్పటికి నేను పిండి ముట్టి ఎరగను. మాది నస్రుల్లాబాద్ పక్కన వరి పండించే ఇల్లు.)

తండాలో పొయ్యి పెట్టించి, ముందు ఉపన్యాసం ఇచ్చాను. సగం ఢిల్లీ, సగం హైదరాబాదు, రెండూ కలిస్తేనే పని అని గొంతు పోయేలా చెప్పాను. ముందు వరుసలో తాత ఒకాయన హాయిగా కునుకు తీశాడు. తర్వాత పిండి కలిపాను. నీళ్లు ఎక్కువయ్యాయని పిండి, పిండి ఎక్కువైందని నీళ్లు పోస్తూ పోతే ముద్ద బేసిన్ దాటి నా చేతి గడియారం దాకా ఎక్కింది. పెనం మీద రాష్ట్రాల పునర్విభజన జరిగింది. ఒక్క చపాతీకి కూడా సరైన సరిహద్దు లేదు. వాసన చూడ్డానికి వచ్చిన కుక్క మర్యాదగా వెనక్కి వెళ్లిపోయింది. అప్పటికి నిద్రలేచిన తాత ఒకటి చేతికి తీసుకుని, తట్టి చూసి, "సారూ, గివి రోడ్డు మీద ఎయ్యుర్రి, కంకర మిగుల్తది" అన్నాడు. తండా అంతా పడిపడి నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నవ్వనిది యాడీ ఒక్కతే. లేచి ఇంట్లోకి వెళ్లి జొన్నపిండి తెచ్చింది, మోచేత్తో నన్ను పక్కకు జరిపింది, నా ముద్దలో సగానికి సగం కలిపి పిసికింది. చేత్తో కొడితే రొట్టె అతుక్కోలేదు, విరగలేదు. కాలిన రొట్టె తుంచి మొదటి ముక్క నా నోట్లో పెట్టి, జనం వైపు తిరిగింది.

"సగం మనది, సగం ఢిల్లీది. తినుర్రి, పనికి రార్రి. నా బిడ్డ గూడ మంచం మీద పోవద్దు."

నవ్వులు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున నేను సైకిల్ దిగేసరికి పారలు, తట్టలు నాకంటే ముందే వచ్చి ఉన్నాయి. మార్చి ముగిసేలోగా కాలువ మీద పైపులు పడ్డాయి, మొరం పరిచారు, గోధుమలన్నీ కూలికింద పోయాయి.

ఆ వానాకాలం మా ఆఫీసు పొలంలా తడిసింది. బీడీవో సారు గొడుగు కింద సంతకాలు చేసేవారు, నా కుర్చీ పక్కన బకెట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం కుండపోత వానలో ఎడ్లబండి ఒకటి మా కిటికీ ముందు నుంచి దవాఖాన వైపు పోయింది. గోనెపట్టా కింద యాడీ, ఆమెను ఆనుకుని కూతురు కూర్చుని ఉన్నారు. మూడోనాడు యాడీ మా ఆఫీసు మెట్లెక్కి, మనవరాలు పుట్టిందని చెప్పి, బట్టలో కట్టిన రెండు రొట్టెలు నా బల్ల మీద పెట్టింది. కప్పు కారుతూనే ఉంది. తడుస్తూనే తిన్నాను. అంత తృప్తిగా మళ్లీ ఎప్పుడూ తినలేదు.

ఇప్పుడు నాకు షుగర్. రాత్రిళ్లు అన్నం మాని చపాతీ తినమని డాక్టరు గారి ఉత్తర్వు. ఊరికి గోధుమలు తినిపించబోయిన వీరుడికి ఇన్నాళ్లకు తగిన శాస్తే జరిగిందని మా ఆవిడ నవ్వుతుంది. పిండిలో సగం జొన్న కలపమని నేనడిగితే, విసుక్కుంటూనే కలుపుతుంది. మొదటి ముక్క తుంచినప్పుడల్లా గడియారం దాకా పిండి పూసుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వెంటనే యాడీకి మనసులోనే దండం పెట్టుకుంటాను. రోడ్డు వేసింది ఆవిడ, జీతం తీసుకున్నది నేను.