మా కుక్క పెంట ఎందుకు తినేదంటే

మా కుక్క తన పెంట తనే తినేది. సంగతి అదీ. మర్యాదస్తుల ఇళ్ళలో ఇలాంటివి చెప్పుకోరని మా మామ్మ బతికుంటే నా నోరు మూయించేది. అందుకే ముందుగా ఆ మాటే రాశాను.

అవి తొంభైల్లో నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదివే రోజులు. కోనసీమలో కాలవ పక్కన చిన్న డాబా మాది. నాన్నగారు ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. కోళ్ళఫారం ఆసామి ఒకాయన ఇచ్చిన కుక్కపిల్లని ఆయనే చొక్కాలో పెట్టుకుని తెచ్చారు. ముద్దు చేసిందీ ఆయనే, వెనక వసారాలో గొలుసు వేసి కట్టిందీ ఆయనే. అది నాపరాళ్ళ మీద పాడుచేసినప్పుడల్లా మెడ పట్టుకుని, ముక్కు అందులో రాసి, బెత్తంతో నాలుగు అంటించేవారు. కుక్కకి శుభ్రం అలాగే వస్తుందని మా వీధి వీధంతా నమ్మేది.

ఆరో నెల వచ్చేసరికి వసారా అద్దంలా ఉండడం మొదలైంది. తన శిక్షణ గురించి నాన్నగారు ఆఫీసులో కూడా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న మామ్మ తులసికోటకి నీళ్ళు పోయడానికి వెళ్ళి, అది తింటుండగా చూసింది.

ఇక చూడాలి ఇంట్లో గోల. మామ్మ దాని పళ్ళెం పెరట్లోకి గిరాటేసింది. అమ్మ పెంట మీద కారం చల్లింది, వేపరసం పోసింది. కుక్క తుమ్ముకుంటూ మరీ తినేసింది. దాని జాతే అంత అన్నారు పక్కింటివాళ్ళు. నాన్నగారు తేల్చేశారు: వచ్చే ఆదివారం పంటు ఎక్కించి గోదావరి అవతల వదిలేసి వస్తాను, ఏరు దాటితే ఇక తిరిగి రాదు. మా వైపు అందరూ చేసే పనే. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్నవి ఆరు రోజులు.

సోమవారం కాలేజీ ఎగ్గొట్టి దాన్ని పశువుల ఆసుపత్రికి నడిపించుకెళ్ళాను. గేదెల వరసలో కుక్కతో నిలబడ్డ ఆడపిల్లని చూసి అందరూ నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. కడుపులో నులిపురుగులున్నా తింటాయి, తిండి చాలకపోయినా తింటాయి అన్నారు. మందు ఇచ్చి, ఒట్టి గంజన్నం కాకుండా గుడ్డో చేపో కలిపి పెట్టమన్నారు. అయినా మానకపోతే అది ఎక్కడ తింటోందో, ఎప్పుడు తింటోందో కూర్చుని చూడమన్నారు.

మందు వేశాను. రోజూ గుడ్డు కలిపాను. బుధవారం కూడా తింది. మందు పనిచేసేదాకా ఆగకుండా మంగళవారం నుంచే కూర్చుని చూడడం మొదలుపెట్టాను. కాలవ గట్టుకి తీసుకెళ్తే గడ్డిలో పని కానిచ్చుకుని, వెనక్కయినా చూడకుండా నడిచిపోయేది. అదే కుక్క, వసారాలో అయితే ముందు నాన్నగారి గది కిటికీ వైపు చూసేది. ఆయన దగ్గు వినపడితే చాలు, వంగి గబగబా మింగేసేది. నమిలేది కాదు. మింగేశాక నేలంతా నాకి, తోక కాళ్ళ సందున పెట్టుకుని గోడకి నక్కేది.

దానికి రుచీ కాదు, ఆకలీ కాదు. దాచేస్తోంది.

అది నాకు అర్థం కావడానికి ఏ పుస్తకమూ అక్కర్లేకపోయింది. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను పక్క తడిపేదాన్ని. నాన్నగారు అదే బెత్తంతో కొట్టేవారు. ఆ భయానికి అందరికంటే ముందు లేచి, దుప్పటి నూతి దగ్గర ఉతికి, ఆ తడిదే కప్పుకుని పడుకునేదాన్ని. నాలుగు దెబ్బలతో దారికొచ్చిందని నాన్నగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

గురువారం నుంచి పొద్దున్న రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు దాన్ని గట్టు మీద తిప్పాను. అక్కడ పని కానిచ్చిన ప్రతిసారీ చిన్న బెల్లం ముక్క పెట్టాను. వసారాలో పాడుచేస్తే ఒక్క మాట అనకుండా, దాన్ని ఇవతలికి పిలిచి కడిగేశాను. ఈడొచ్చిన పిల్ల కుక్కతో గట్టు మీద తిరుగుతోందని మామ్మకి కబుర్లు చేరాయి. చేరనిచ్చాను. శుక్రవారం, శనివారం అది ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆదివారం టిఫిను అయ్యాక నాన్నగారు గొలుసు పట్టుకుని వచ్చారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. తినడం మానేసిందని చెప్పాను. మళ్ళీ తింటుంది, ఆ అలవాటు పోయేది కాదు, తప్పుకో అన్నారు. ఆయనకి ఎదురు చెప్పడం మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ చెయ్యని పని.

“అది అలవాటు కాదండీ, మీ బెత్తం. మీరు చూస్తే కొడతారని కనపడకుండా చేస్తోంది. నేను దుప్పట్లు ఉతికి దాచినట్టే.”

ఆడపిల్లకి ఆ నోరేంటని లోపల్నుంచి మామ్మ అంది. నాన్నగారు ఆవిడ వైపు చూడలేదు.

“ఎన్నాళ్ళు దాచావు?” అన్నారు.

“మీరు మెచ్చుకున్నన్నాళ్ళూ.”

ఆయన గొలుసు మేకుకి తగిలించి, పేపరు తీసుకుని వీధి అరుగు మీదకి వెళ్ళిపోయారు. కుక్క ఉండిపోయింది. తప్పయిందని మాత్రం ఆయన అనలేదు.

ఆ శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. గట్టుకి వెళ్ళడం కుదరక ఒక మధ్యాహ్నం అది వసారాలో పాడుచేసింది. సరిగ్గా అప్పుడే నాన్నగారు వచ్చారు. ఆయన్ని చూడగానే కుక్క వణుకుతూ మూతి కిందికి వంచింది. ఆయన చప్పున గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

“నేను చూళ్ళేదని చెప్పు దానికి,” అన్నారు నాతో.

నేను పిలిచాను. కుక్క తలెత్తి, అక్కడిది అక్కడే వదిలేసి నా దగ్గరికి వచ్చింది. సాయంత్రానికి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది కూడా. కుక్కలు అంతే. నేను కుక్కని కాను. ఆయన నాకు కూడా ఒక మాట చెప్పాలి, గోడ వైపు తిరిగి కాదు, నా మొహం చూసి. అది చెప్పేదాకా మెత్తబడకూడదనుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇంకా మెత్తబడలేదు.