దిల్షాద్ ఇచ్చిన బొడ్డుపేగు

దిల్షాద్‌ది మదనపల్లె. పుంగనూరులో దూది ఏకి పరుపులు కుట్టే ఘనిని చేసుకుని ఆ ఊరొచ్చింది. అతను ఏకుతుంటే ఆమె పరుపు సంచులు కుట్టేది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి ఇద్దరి కనురెప్పల మీదా దూది పేరుకునేది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

తొంభై తొమ్మిదిలో మొదటి కాన్పు. ఏడో నెలకే కాళ్ళు వాచి, చూపు మసకబారింది. బీపీ అన్నారు. బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి, రెండువేల ఐదులో, కుప్పంలోని పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు.

కాన్పు ఆపరేషన్‌కు ముందు, అక్కడ పై చదువు చదువుతున్న శ్రుతి అనే డాక్టరు ఆమె మంచం దగ్గరికి వచ్చింది.

"అక్కా, బిడ్డ పుట్టినాక బొడ్డుపేగులో చిన్న ముక్క తీసుకుంటాం, ఇస్తావా? బాగా జరిగిన కాన్పుల్లోనూ, బీపీ వచ్చిన కాన్పుల్లోనూ పేగులో రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూస్తున్నాను."

అత్త మెహ్‌నాజ్ అడ్డుపడింది. మాయైనా పేగైనా మట్టిలోనే పెట్టాలని ఆవిడ పట్టుదల. "మన బిడ్డ ఒంట్లో ముక్క వాళ్ళకి యాల?"

"తీసుకోండి మేడం" అంది దిల్షాద్. "నాకు యాల ఇట్లయితాందో ఎవురూ సెప్పలేదు. మీరన్నా సూసి సెప్పండి."

మగబిడ్డ పుట్టాడు. గుప్పెడంత ఉన్నాడు. సన్నగా ఏడ్చాడు కూడా. మూడో రోజు పోయాడు. ఘని జీపులో పుంగనూరు తీసుకుపోయి పాతిపెట్టాడు. కుట్లు మానని దిల్షాద్ ఆసుపత్రిలోనే ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఆమె ఒంటరిగా పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్ళింది. శ్రుతి గుర్తుపట్టి, మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. ముందు ఆరోగ్యంగా కాన్పైన ఒక తల్లి పేగు చూపించింది. పేగులో ఉండే మూడు నాళాలూ విశాలంగా తెరుచుకుని ఉన్నాయి. తర్వాత దిల్షాద్‌ది పెట్టింది. నాళాల గోడలు మందమై, లోపల రక్తం పారే దారి ఇరుకైపోయి ఉంది.

"నేనేం తిన్నందుకు మేడం ఇట్లయింది? దూది దుమ్మా?"

"కాదక్కా. నువ్వు చేసిందేమీ లేదు."

"మళ్ళా కడుపొస్తే ఇట్ల కాకుండా ఏం సేయాల?"

శ్రుతి మైక్రోస్కోపు లైటు ఆర్పింది. "మొదటి నుంచీ రా. మాత్రలిస్తాం, కనిపెట్టుకుని ఉంటాం. ఇలా కాదని మాత్రం చెప్పలేను. బీపీ వల్ల నాళాలు ఇలా అవుతాయో, నాళాలు ఇలా ఉన్నందుకే బీపీ వస్తుందో, అది కూడా నేను చెప్పలేనక్కా."

నువ్వు చేసిందేమీ లేదన్న ఒక్క మాట పట్టుకుని దిల్షాద్ ఇంటికొచ్చింది. చూసిందంతా అత్తకు చెప్పింది. మెహ్‌నాజ్ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది.

"అయితే నాళం ఇరుకైంది నీ కడుపులోనే గదా."

"ఆ నాళాలు బిడ్డవంట, అమ్మీ."

"బిడ్డ యాడనుంచి వచ్చినాడు?"

వాకిట్లో నిలబడి ఇదంతా విన్న ఘని దూది దగ్గరికి పోయాడు. అత్త మాటకన్నా అదే దిల్షాద్‌ను ఎక్కువ బాధపెట్టింది. ఆమెది ఇరుకు పేగంట అన్న మాట వీధంతా పాకింది. తొట్టెలలో బిడ్డను వేసే వేడుకలకు ఆమెను పిలవడం మానేశారు.

నాలుగోసారి శ్రుతి చెప్పినట్టే మొదటి నెల నుంచీ కుప్పం తిరిగింది. అప్పటికే శ్రుతి చదువు ముగించుకుని వెళ్ళిపోయింది. ఇచ్చిన మాత్రలన్నీ మింగింది. అయినా ఐదో నెలలో రక్తం ఆగకుండా పోయింది. ఆమె ప్రాణం నిలపడానికి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది.

కోలుకున్నాక ఒకరోజు ఘనిని అడిగింది, పిల్లోడిని పాతిపెట్టిన చోటు చూపించమని. ఆడవాళ్ళు లోపలికి పోకూడదని ఖబరస్తాన్ గోడ బయట ఆమెను నిలబెట్టి అతను చెయ్యి చాచాడు.

"ఆడ, ఆ తుమ్మచెట్టు పక్కన. కాదు, ఇంకొంచెం ఈ పక్క." చెయ్యి దించేశాడు. "వానలకి సదునైపోయింది దిల్షాద్. యాడో తెలీడం లేదు."

ఆమె చాలాసేపు ఆ నేలంతా చూస్తూ నిలబడింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన పరుపు ఉందని ఘని గుర్తుచేశాడు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.