బ్రహ్మకు యాభై ఒకటో ఏడు, గడియారంలో ఎనిమిదిన్నర

ఆ రోజుల్లో ప్రపంచంలో నాకు తెలియని విషయాలు రెండో మూడో ఉండేవి. విశ్వం ఎలా ముగుస్తుందన్నది మాత్రం వాటిలో లేదు. బెంగళూరులో బి.ఎస్సీ. ఆఖరి ఏడు చదువుతుండగా మా భౌతికశాస్త్రం మేష్టరు ఒక మధ్యాహ్నం, సూర్యుడూ నక్షత్రాలూ తమ వేడంతా పంచిపెట్టేసి ఎప్పుడో ఒకనాడు చల్లారిపోతాయనీ, ఆ తరవాత జరగడానికి ఏమీ ఉండదు గనక కాలమన్న మాటకే అర్థం ఉండదనీ చెప్పి, సుద్దముక్క పక్కన పెట్టి, కాఫీకి వెళ్లిపోయాడు. ఆ భారమంతా నేను ఇంటికి మోసుకొచ్చాను. వసారాలో కందిపప్పు ఏరుతున్న అవ్వకు (నాయనమ్మను మేము అలాగే పిలిచేవాళ్లం) మొట్టమొదట చెప్పాను. ఆమె చేట దించకుండానే "ఎప్పుడప్పా?" అంది. కోటానుకోట్ల ఏళ్లు పడుతుందన్నాను. "అంతలోపల నీ పెండ్లి అయితాది గదా?" అంది. అవుతుందన్నాను. "అయితే చల్లారనీలే. మల్లా బ్రహ్మ లేసి రాజేస్తాడు" అని ఇంకో దోసెడు పప్పు చేటలో పోసుకుంది.

పెళ్లి నిశ్చయమైన మాట నిజమే. పెళ్లికూతురు బెంగళూరు పక్కన కాడుగోడిలో బట్టల దుకాణం నడిపే మా మేనమామ కూతురు. నాకు ఉద్యోగం లేదు గనక మామకు మొదట్లో అంత ఇష్టం లేదు. దొడ్డబళ్ళాపురంలో పట్టుమగ్గాలున్న ఆసామి కొడుకు ఒకడు సిద్ధంగా ఉన్నాడు. మా అమ్మ ఏడ్చింది, మామ కరిగాడు, పురోహితులు అయ్యవారు లగ్నం పెట్టారు. పొద్దున తొమ్మిదీ ఇరవై నుంచి తొమ్మిదీ నలభై దాకా. అది దాటితే మూఢం, నెలల తరబడి ముహూర్తాలు లేవు. "అది తప్పితే నా మాట మీద నేను నిలబడేదానికి కాదప్పా" అని మామ అందరి ముందూ చెప్పాడు. (మగ్గాల కుర్రాడు పెళ్లికి వచ్చాడు. ముందు వరసలోనే కూర్చున్నాడు.)

ఇక్కడ రెండో ప్రపంచ యుద్ధం గురించి ఒక మాట చెప్పాలి. యుద్ధం కోసమని సర్కారు దేశంలోని గడియారాలన్నిటినీ గంట ముందుకు తిప్పించింది. రైళ్లూ ఆఫీసులూ కొత్త టైములో నడిచేవి. పంచాంగం, పశువులు, అవ్వ పాత టైములోనే ఉండిపోయారు. మామ సరుకు కోసం రైల్లో బెంగళూరు పేటకు పోయే మనిషి గనక, పెళ్లి జరగబోయే ఆయన ఇంటి గోడ గడియారం కొత్త టైము చూపించేది. లగ్నమేమో పంచాంగం ప్రకారం పాత టైము. గడియారాన్ని గంట వెనక్కి తిప్పితే చాలు. "విశ్వం ఎప్పుడు ముగుస్తాదో చెప్పేవానికి గంటెంతయిందో తెలీకుండా ఉంటాదా? టైము సంగతి నువ్వే చూసుకో" అన్నాడు మామ, కొంత వెటకారంగానే. ముందురోజు సాయంత్రం ముక్కాలిపీట ఎక్కి ముల్లు గంట వెనక్కి తిప్పాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత పెద్ద పని అనిపించలేదు.

మరునాడు పీటల మీద కూర్చున్నాం. అయ్యవారు సంకల్పం మొదలుపెట్టారు. బ్రహ్మకు యాభై ఏళ్లు నిండి యాభై ఒకటో ఏడు జరుగుతోందనీ, అందులో ఇది ఫలానా కల్పం, ఫలానా మన్వంతరం, కలియుగంలో మొదటి పాదం అనీ, ఒక్కొక్క మెట్టే దిగుతూ వస్తున్నారు. గడియారంలో ఎనిమిదిన్నర. నాకు కాస్త గర్వంగా అనిపించి మామ వైపు వంగి, "నిన్ననే పాత టైముకు తిప్పేశాను మామా" అన్నాను.

మామ మొహంలో రంగు మారింది. "నువ్వు తిప్పినావా? నేను తెల్లారి లేస్తానే తిప్పితినే."

ఇద్దరం గడియారం కేసి చూశాం. ఎనిమిదిన్నర అంటే అసలు తొమ్మిదిన్నర. లగ్నం ఇంకా పది నిమిషాలే ఉంది. (అత్తవారు నాకు పెట్టబోయే చేతిగడియారం ఇంకా పెట్టెలోనే ఉంది, కీ ఇవ్వలేదు.) మామ లేచి నిలబడ్డాడు. "అయ్యవారూ, బ్రహ్మ వయసు తర్వాత చెబుదురు. ముందు తాళి కట్టించండి." అయ్యవారు కలియుగంలోనే ఆగిపోయి, "ఇంకా దేశం చెప్పాల, సంవత్సరం చెప్పాల" అన్నారు. "అవన్నీ ఉండేవే గదా, యాడికీ పోవు" అన్నాడు మామ. వాకిట్లో బీడీ ముట్టించుకోబోతున్న మేళగాళ్లను పట్టుకొచ్చారు. ఈ గోలలో అవ్వ ఒక్కతే గుమ్మం కేసి చూస్తూ, "ఎండ ఇంకా గడప ఎక్కలేదే. అప్పుడే తొమ్మిదిన్నర యాడయింది?" అంది. నేను జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకునే, ఋతువును బట్టి ఎండ వాలు మారుతుందనీ, నీడను నమ్మడం శాస్త్రీయం కాదనీ ఆమెకు రెండు వాక్యాల్లో వివరించాను. "మాట్లాడకుండా సుమ్నే కట్టు నాయనా" అన్నాడు మామ. కట్టాను. రెండు ముళ్లు నావి, మూడోది మా అక్క వేసింది. మగ్గాల కుర్రాడు అందరికన్నా ముందు అక్షింతలు వేసి, అందరికన్నా ముందు పంక్తిలో కూర్చున్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆనాడు కాలాన్ని ఓడించి ఆ పిల్లను గెలుచుకున్నానన్న భావం నాలో చాలా ఏళ్లు ఉండిపోయింది. పిల్లలకు చెప్పాను, వాళ్ల పిల్లలకూ చెప్పాను.

మొన్నామధ్య మనవడికి చెబుతున్నాను. నా భార్య పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తాళి కట్టేసరికి లగ్నం రెండు నిమిషాలే మిగిలిందని నేను అనగానే, తల ఎత్తకుండా, "ముప్పావు గంట ఉండె" అంది.

"ఏమిటి?"

"నువ్వు సాయంత్రం తిప్పినప్పుడు వంటింట్లోంచి చూస్తిని. తెల్లారి నాయన తిప్పేదీ చూస్తిని. ఇద్దరూ తిప్పితే ఎట్ల? నేనెక్కి గంట ముందుకు తిప్పి సరిచేస్తిని. ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే. లగ్నం ఇంకా రానే లేదు, అప్పుడే కట్టేస్తివి."

అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న కాపురాన్ని ఒక్కసారి మొదటినుంచీ తిరిగి చూసుకున్నాను. "మరి అప్పుడే చెప్పలేదేం?"

"పెండ్లికూతురు తల ఎత్తి మాట్లాడతాదా బావా? అదీగాక నన్ను ఎవరడిగినారు? ఒకరు బ్రహ్మ వయసు చెబుతాండ్రి, ఇంకొకరు ఎండ వాలు చెబుతాండ్రి." ఈనె తీసి పక్కన వేసింది. "అయినా లగ్నం దాకా ఆగితే, మల్లా ఎవరన్నా పోయి తిప్పుతారేమోనని నాకూ భయమాయె."

అరవై ఏళ్లంటే బ్రహ్మ లెక్కలో రెప్పపాటు కూడా కాదట. నాకు మాత్రం ఆ పూట అది చాలా పెద్దదిగానూ, ఇంకాస్త ఉంటే బాగుండుననిపించేంత చిన్నదిగానూ కనిపించింది. సూర్యుడు చల్లారతాడన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ఎప్పుడని ఎవరైనా అడిగితే మాత్రం, ఇంట్లో కనుక్కుని చెబుతానంటున్నాను.