చుట్టాలు దిగుతున్నారు

హఫీజ్ ఎవరికైనా ఇల్లు చూపించాలంటే వాన పడాలి. ఎండాకాలంలో వచ్చి అడిగినవాళ్ళకి కూడా "ఒక్క గట్టి వాన పడనివ్వండి, అప్పుడు చూద్దాం" అనేవాడు. అద్దె ఇళ్ళ బ్రోకరు ఇలా మాట్లాడితే నాలుగు వేళ్ళు నోట్లోకి ఎలా వెళ్తాయని నేనే చాలాసార్లు దెప్పాను. అతను నవ్వేసి, "ఎండలో అన్నీ మంచి ఇళ్ళేనండీ అమ్మగారూ" అనేవాడు.

నా పేరు ఇందిరమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి ఆపరేటరుగానే రిటైరయ్యాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. పదహారేళ్ళ కిందట గుడివాడ నుంచి బందరు బదిలీ అయి వచ్చినప్పుడు నాకు మొదటి ఇల్లు చూపించింది హఫీజే. తర్వాత రిటైర్మెంటు డబ్బులతో కొనుక్కున్న ఈ మేడ చూపించిందీ అతనే. ఆ రోజు కుండపోత వాన. నన్ను గొడుగుతో వీధి మొదట్లో అరగంట నిలబెట్టి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూడమన్నాడు. మా వీధి నీళ్ళన్నీ గబగబా డ్రైను వైపు దిగిపోతున్నాయి. "కొనేసుకోండి. మీ గడప నీళ్ళు ఎక్కవు. ఇది మంచి ఏరియా" అన్నాడు. ఆ 'మంచి ఏరియా' అన్న మాట అతను ఊరికే వాడడు. నాకు తెలిసి బందరు మొత్తం మీద ఆరేడు వీధులకి అని ఉంటాడు. కొన్న పదేళ్ళలో నా గడప ఇంతవరకూ తడవలేదు.

ఆ మనిషి వీధిని చూసే పద్ధతి నాకు సరదాగా ఉండేది. నీళ్ళ మోటార్లు ఎత్తు దిమ్మల మీద పెట్టుకున్న వీధి అయితే లోపలికి కూడా వెళ్ళడు, అక్కడ నీళ్ళు నిలుస్తాయని ఆ వీధివాళ్ళే ఒప్పుకున్నట్టు లెక్క అంటాడు. బయట చెప్పులు వదిలేసి నిశ్చింతగా లోపల కూర్చుంటున్నారా, ఆడపిల్లలు ట్యూషను నుంచి ఒంటరిగా నడిచి వస్తున్నారా, చీకటి పడ్డాక ఆటోవాడు బేరం ఆడకుండా వస్తాడా, ఇవన్నీ చూస్తాడు. గోడని మాత్రం చేతి వెనక వైపుతో ముట్టుకుంటాడు. అరచేతికి చెమ్మ తెలియదట. బక్కెట్టు అంచు మీద తెల్లటి ఉప్పు పొర ఉందేమో గోరుతో గీకి చూస్తాడు. మొవ్వలో ఉద్యోగం వచ్చిన టీచరమ్మకైనా, గుడివాడలో కాపురం పెట్టే కొత్త దంపతులకైనా బస్సెక్కి వెళ్ళి ఇలాగే చూసిపెట్టేవాడు. ఒకసారి నాగాయలంకలో బ్యాంకు ఆయనకి ఇల్లు చూడ్డానికి వెళ్ళి, ఇంటివాళ్ళని వదిలేసి పక్కింటి ముసలమ్మని, "తుఫానుకి మీరంతా ఎక్కడికి వెళ్తారండీ" అని అడిగాడట. ఆవిడ స్కూలు బిల్డింగు చూపించింది. అక్కడి దాకా ఎన్ని నిమిషాలో తనే నడిచి చూసి, తర్వాతే సరే అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి తను మాత్రం డ్రైను పక్క సందులో, గోడలకి నడుం ఎత్తున చెమ్మ ఎక్కిన పెంకుటింట్లో ఉండేవాడు. ఇదేం విడ్డూరమని అడిగాను ఒకసారి. "మాకు ఇచ్చే చోట మేముండాలి కదండీ" అన్నాడు. నేను టీ గ్లాసు అందించి మాట మార్చాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ చెప్పే అర్హత నాకు లేదు. నాలుగేళ్ళ కిందట నా పై పోర్షన్ ఖాళీ అయితే మార్కు అనే ఆయన్ని తీసుకొచ్చాడు హఫీజ్. దివిసీమవాడు, రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియను, భార్యాభర్తలిద్దరూ నెమ్మదస్తులు. నాకు నచ్చారు. ఎదురింటి పూర్ణచంద్రరావు గారికి నచ్చలేదు. ఆయన గేటు దగ్గర నిలబడి, "ఇందిరమ్మ గారూ, ఆదివారం పూట పాటలూ, ప్రార్థనలూ... మన వీధికి అలవాటు లేదండీ" అన్నాడు. నా మీద మాట పడితే ఊరుకునేదాన్ని కాదు కానీ, వీధంతటితో గొడవ పెట్టుకునే ఓపిక లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మార్కుకి ఏం చెప్పాలో తెలియక హఫీజ్‌నే అడిగాను.

"చుట్టాలు దిగుతున్నారని చెప్పండి" అన్నాడు.

"అబద్ధం కదయ్యా."

"అబద్ధమేనండీ. కానీ ఆ మనిషి తల దించుకోకుండా వెళ్ళిపోతాడు. కాదన్నది మీరు కాదు, రాబోయే చుట్టాలు. ఊళ్ళో అందరికీ నేను ఇదే చెబుతానండీ. ఎవరి మనసూ నొచ్చుకోదు."

మార్కు నిజంగానే నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఎంత తెలివైన మాట అనుకున్నాను. ఆ మాట నేర్పినందుకు హఫీజ్‌కి ఆ రోజు అరిసెలు కూడా పెట్టాను.

ఈ ఏడు వేసవిలో హఫీజ్ భార్య షాహిదాకి ఆయాసం ముదిరింది. చాలాకాలంగా ఉన్నదే. ఈసారి డాక్టరు గట్టిగా చెప్పాడట, ఆ చెమ్మ గోడల మధ్య ఇంకో వానాకాలం ఉంచితే ఊపిరితిత్తులు మిగలవని. గోడలు పొడిగా ఉండే ఇల్లు, గాలి ఆడే ఇల్లు చూసుకోమన్నాడు. బందరులో ఏ గోడ పొడిగా ఉందో హఫీజ్ కన్నా ఎవరికి తెలుసు? సగం ఊరి తాళాలు అతని చేతుల మీదుగా తిరిగాయి. వానలు పడేలోగా మారిపోతామని షాహిదాకి మాటిచ్చి బయల్దేరాడు.

మొదటి ఇంటాయన చుట్టాలు దిగుతున్నారని చెప్పాడు. నిజమే అనుకున్నాడట హఫీజ్. రెండో ఇంట్లో కూడా చుట్టాలే. మూడో ఇంట్లో ఇల్లాలు ఆ మాట చెబుతూ అతని మొహం చూడలేక తలుపు చాటుకి వెళ్ళిందట. పోర్టు పనులు మొదలయ్యాక ఇంజినీర్లు వచ్చి చాలా ఇళ్ళు నిండిపోయిన మాట నిజం, కానీ అతను అడిగినవి ఖాళీగా ఉన్నాయని అతనికి తెలిసిన ఇళ్ళే. వాటికి టూలెట్ బోర్డు కట్టింది అతనే. ఇరవై మూడు ఇళ్ళు తిరిగాడు. ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయి, టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వుతూ చెప్పుకుంటుంటే. నవ్వవలసింది అందులో ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జూలై మొదటి వారంలో మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ వరండాలో కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చునేవాడు, ఆ రోజు మెట్టు మీద కూర్చున్నాడు. మే నెలలోనే నా పై పోర్షన్ ఖాళీ అయింది. ఆ సంగతి అతనికి తెలుసని నాకు తెలుసు.

"అమ్మగారూ, ఈసారి బ్రోకరుగా రాలేదండీ. మా షాహిదా పరిస్థితి బాగోలేదు. రాత్రిళ్ళు కూర్చునే ఉంటోంది. మీ పై పోర్షన్ గోడలు నాకు తెలుసు. మేమిద్దరమేనండీ. మాంసం వండం, మీకు ఇబ్బంది లేకుండా ఉంటాం. మీరెలా చెబితే అలా."

ఆ చివరి మాటలు విని నాకు సిగ్గేసింది. ఏళ్ళ తరబడి నా బాగోగులు చూసినవాడు నా వాకిట్లో తన తిండి మానుకుంటానని చెబుతున్నాడు. ఎదురింటి వరండాలో పూర్ణచంద్రరావు గారు పేపరు దించి ఇటే చూస్తున్నాడు. నేనొక్క క్షణం ఆయన్ని చూశాను. అంతే.

"చుట్టాలు దిగుతున్నారు హఫీజ్ గారూ" అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన తర్వాత గానీ ఆ మాట ఎవరిదో నాకు గుర్తు రాలేదు. అతనికి మాత్రం వెంటనే గుర్తొచ్చింది. కళ్ళు ఒకసారి పైకెత్తి మళ్ళీ దించుకున్నాడు. తల దించుకోకుండా వెళ్ళే మాట అని చెప్పింది ఈ మనిషే.

"అలాగేనండీ" అని లేచాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పైన వెనక కిటికీ పక్కన వాన నీళ్ళ గొట్టం పగిలిందండీ, కిందినుంచి చూశాను. చుట్టాలు వచ్చేలోగా బాగు చేయించండి, లేకపోతే గోడ చెడిపోతుంది" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. తిట్టినా సరే, నేనూ నాలుగు అని దులుపుకునేదాన్ని.

అక్కడినుంచి నా బతుకు కూడా దొంగ బతుకు అయింది. హఫీజ్ ఆ దారిన వెళ్తాడేమోనని రోజూ దీపాల వేళకి మోకాళ్ళు పట్టుకుని మేడెక్కి లైటు వేసి వచ్చేదాన్ని. పై దండెం మీద నా పాత చీర ఒకటి ఆరేశాను. రాని చుట్టాల కోసం ఇంత చాకిరీ చేసిన మనిషి బందరులో నేనొక్కదాన్నే అయివుంటాను. పూర్ణచంద్రరావు గారు, "ఎవరండీ వచ్చారు?" అని అడిగితే, "మా పెద్దమ్మ మనవరాలు" అన్నాను. నాకు పెద్దమ్మే లేదు.

అక్టోబరులో తుఫాను వచ్చింది. రెండు రోజులు గాలీ వానా. మా వీధిలో నీళ్ళు గబగబా దిగిపోతుంటే కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ నీళ్ళన్నీ ఎటు వెళ్తున్నాయో నాకు తెలుసు. వీధి మొదట్లో నిలబెట్టి చూపించింది అతనే కదా. ఆ డ్రైను పక్కనే షాహిదా ఉంది. మూడో రోజు పొద్దున్న వాన తెరిపి ఇవ్వగానే పై పోర్షన్ తాళంచెవి తీసుకుని బయల్దేరాను. పూర్ణచంద్రరావు గారు ఏదో అడిగితే వినిపించనట్టు వెళ్ళిపోయాను.

ఆటోవాడు సందు మొదట్లోనే దింపేశాడు, లోపలికి రానన్నాడు. మోకాలి లోతు నీళ్ళలో గోడ పట్టుకుని నడిచాను. హఫీజ్ ఇంట్లో మంచం కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేశారు. దాని మీద షాహిదా దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది, పక్కన సిలిండరు, ముక్కుకి గొట్టం. పలకరిస్తే చెయ్యెత్తి సలాం చేసింది, మాట్లాడలేదు. ఒక్కో ఊపిరి కోసం భుజాలు పైకి లేస్తున్నాయి.

"పైకి వచ్చేయండి, ఇవాళే" అని తాళంచెవి అందించబోయాను.

హఫీజ్ దాన్ని చూశాడు గానీ అందుకోలేదు. "చుట్టాలు రాలేదాండీ?" అన్నాడు. వెటకారం లేదు. ఇళ్ళ సంగతి అడిగినట్టే అడిగాడు.

"ఎవరూ లేరు హఫీజ్ గారూ. ఎప్పుడూ లేరు."

"పద్దెనిమిది మెట్లండీ మీ మేడకి. జూలైలో అయితే ఎక్కేది. మొన్న ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చెప్పారు, ఇక మెట్లు ఎక్కించొద్దని. ఎత్తుకుని ఎక్కించినా, ఆసుపత్రికి వెళ్ళాల్సిన ప్రతిసారీ దించాలి కదండీ. నాలుగు మెట్లకే గుండె పట్టేస్తుందట. కింది ఇల్లే అయ్యుండాలి" అన్నాడు.

కింది ఇల్లు. అతను చెప్పింది ఆసుపత్రివాళ్ళ మాట. కానీ ఆ గదిలో మేం ముగ్గురం ఒకే ఇంటిని తలుచుకున్నాం. చెమ్మ లేని గోడలు, గాలి ఆడే కిటికీలు, గడప తడవని ఇల్లు, అందులో నేనొక్కదాన్ని. షాహిదా నా వంక చూస్తోంది. హఫీజ్ చూడలేదు, మంచం కింద ఇటుక సర్దుతున్నాడు. నేను పైకి మారతాను, మీరు కిందకి రండి అని ఒక్క ముక్క అంటే చాలు. నోటిదాకా వచ్చింది. నా మోకాళ్ళు గుర్తొచ్చాయి, పూజగది గుర్తొచ్చింది, ఎదురింటి పేపరు గుర్తొచ్చింది. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క ముక్క అనలేకపోయాను.

అతను కొంచెంసేపు ఆగి చూసి లేచాడు. నా చెప్పులు తన చేత్తో పట్టుకుని, నీళ్ళలో నాకు ముందు నడుస్తూ గుంటలు తప్పించి రోడ్డు దాకా తీసుకొచ్చాడు. ఆటో ఆపి నన్ను ఎక్కించాడు. రోడ్లన్నీ మునిగాయి, అంత దూరం రానని ఆటోవాడు గొణిగాడు.

"అమ్మగారి వీధిలో చుక్క నీరు ఉండదయ్యా. నా మాట నమ్మి వెళ్ళు. మంచి ఏరియా అది" అన్నాడు హఫీజ్.

ఇది జరిగి పదకొండు రోజులయింది. సందులో నీళ్ళు ఇంకా పూర్తిగా తీయలేదట. షాహిదాని మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి మళ్ళీ ఆ ఇంటికే తీసుకొచ్చారని పాలమనిషి ఎల్లమ్మ చెప్పింది. రోజూ పొద్దున్నే చీర మార్చుకుంటున్నాను, వెళ్ళి చెబుదామని. గేటు దాకా వెళ్తున్నాను. ఈ మోకాళ్ళతో రోజూ పద్దెనిమిది మెట్లు ఎలా ఎక్కుతానని వెనక్కి వస్తున్నాను. లేని చుట్టాలకి దీపం పెట్టడానికి మూడు నెలలు రోజూ ఎక్కి దిగింది ఈ మోకాళ్ళతోనే.