స్టీరింగు మీది ఎర్ర గుడ్డ

మా బావని అందరూ చెవుల డాక్టరు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగమేమిటో చెప్పేస్తాడు. ఇంజను గుసగుస కూడా వినిపించే ఆ చెవులకు మనిషి మాట మాత్రం ఎక్కదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆయన భార్యకు నేను సొంత తమ్ముణ్ని. పదేళ్లు ఆయన షెడ్డులో పనిచేసి, ఆరేళ్ల క్రితం ఆయన చేతే గెంటించుకుని, సరిగ్గా ఎదురుగా పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాను. కాస్త దూరంగా పెట్టుకోవచ్చుగా అంటారేమో. ఎందుకు పెట్టుకోవాలి? తప్పు చేసినవాడు కదా దూరంగా పోవలసింది!

గొడవంతా ఒక గుడ్డ గురించి. మా బావకు ఇంజన్లు కడిగే పిచ్చి. ఏళ్ల తరబడి తిరిగిన బండి ఇంజనులో మసి పేరుకుని గట్టిపడుతుంది. దాన్ని వదలగొట్టడానికి సీసాల్లో మందులు దొరుకుతాయి. ఒకటి పెట్రోలు ట్యాంకులో పోసేది. అది పోశాక బండిని ఏ ఎత్తుమీదికో గట్టిగా తోలాలి, ఇంజను బాగా వేడెక్కితేనే మసి కాలిపోతుంది. రెండోది ఇంజను ఆయిల్లో కలిపేది. దీని పద్ధతి పూర్తిగా వేరు. ఇది పోశాక బండి అంగుళం కదలకూడదు. ఉన్నచోటే పావుగంట ఇంజను నడిపి, ఆపేసి, ఆ నల్లటి ఆయిలంతా వదిలేసి కొత్తది పోయాలి. మందు కలిసిన ఆయిలు నీళ్లలా పల్చబడిపోతుంది. ఖర్మ కాలి దానితో రోడ్డెక్కామా, వదులైన మురికి వెళ్లి ఆయిలు పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిలందక ఇంజను పట్టేస్తుంది.

అందుకని షెడ్డులో బావ ఒక చట్టం చేశాడు. ఆయిల్లో మందు పోయగానే స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టాలి. కొత్త ఆయిలు పోశాకే విప్పాలి. గుడ్డ ఉన్న బండిని దేవుడు దిగొచ్చినా ముట్టుకోకూడదు.

ఆరేళ్ల క్రితం ఒక కారుకు కట్టిన ఆ గుడ్డ మాయమైంది. గుడ్డ లేదు కదా, పనైపోయిందనుకుని కారు యజమాని తోలుకుపోయాడు. వీధి చివరకు వెళ్లేసరికి ఇంజను పట్టేసింది. నువ్వే విప్పావన్నాడు బావ. నేను ముట్టుకోలేదని మా అక్క మీద ఒట్టేశాను. వినలేదు. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. అక్క ఇద్దరికీ చెప్పి చెప్పి విసిగిపోయింది. నా మేనకోడలు మాత్రం తండ్రి కోపాన్ని లెక్కచేయకుండా రోజూ రోడ్డు దాటి వచ్చి కబుర్లు చెప్పిపోయేది. తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు షెడ్డులో సగం బండ్లు తనే చూస్తోంది.

మొన్న మధ్యాహ్నం నేను ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాను. లెక్కల టీచరుగారి పాత కారు షెడ్డులోంచి బయటికొచ్చి కొండదారి పట్టింది. తోలుతున్నది నా మేనకోడలే. నాకు చెయ్యి ఊపింది కూడా. టీచరుగారి ఇల్లు కొండకు అవతలివైపు.

ఐదు నిమిషాలైందో లేదో, బావ రోడ్డు అటూ ఇటూ చూడకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆరేళ్లలో ఆయన నా కొట్టు మెట్టెక్కడం అదే మొదలు.

"ఒరేయ్, బండి తియ్యరా! పిల్ల వెళ్లిపోయింది. ఆయిల్లో మందు అలాగే ఉంది!"

ఆయన చేతిలో ఎర్ర గుడ్డ ఉంది. పంతమూ గుర్తు రాలేదు, పౌరుషమూ గుర్తు రాలేదు. మోటారు సైకిలు తీశాను. ఆయన వెనక ఎక్కి నా భుజాలు పట్టుకున్నాడు.

"రెండు మందులూ పోశానురా," అని నా చెవిలో అరుస్తున్నాడు. "ఆయిలు ఎంతుందో చూద్దామని స్టిక్కు తీశా. తుడవడానికి ఏదీ కనపడలేదు. స్టీరింగుకున్నది లాగి తుడిచి జేబులో పెట్టుకున్నా. పావుగంట నడిపి ఆపేసి, కొత్త ఆయిలు కోసం వెనక గదిలోకెళ్లా. అంతా అయ్యాక కొండెక్కించి అవతల టీచరుగారింట్లో అప్పగించెయ్యమని పొద్దున్న నేనే చెప్పా. గుడ్డ లేదు కదా, పనైపోయిందనుకుంది..."

"ఫోన్ చెయ్యి బావా!"

"చేస్తూనే ఉన్నా. మోగుతోంది, ఎత్తట్లేదు. స్టీరింగు మీద చెయ్యి ఉండగా ఫోనెత్తితే చెయ్యి విరగ్గొడతానని నేనే చెప్పి చచ్చాను."

చెబితే వినే పిల్ల. అదే ఇప్పుడు మా కొంప ముంచేలా ఉంది.

నా భయం ఇంజను గురించి కాదు. ఎక్కేటప్పుడు ఆగిపోతే ఏదో తంటాలు పడొచ్చు. కొండ నెత్తి దాటిందంటే అవతల ఒకటే పల్లం, మలుపు మీద మలుపు. ఇంజను చచ్చిపోతే ఆ బరువు కారుకి స్టీరింగు మొండికేస్తుంది. రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది. ఎత్తుకుని పెంచిన పిల్ల.

మూడో మలుపు దగ్గర పిట్టగోడ పక్కన జనం గుమిగూడి కిందికి చూస్తున్నారు. బావ గోళ్లు నా భుజంలో దిగాయి. నేను బండి ఆపానే కానీ దిగలేకపోయాను.

"కారా?" అని అడిగాడు బావ.

"కాదండీ, లారీలోంచి సిమెంటు బస్తాలు జారిపడ్డాయి," అన్నారెవరో తాపీగా. ఆ మనిషిని కౌగిలించుకోవాలనీ అనిపించింది, కొట్టాలనీ అనిపించింది.

ఇంకాస్త పైకి వెళ్లాక ఫోను మోగడం కూడా మానేసింది. బావ నా బండి ఆపమన్నాడు. ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. గాలి తప్ప ఏమీ లేదు.

"నాకేం వినపడట్లేదురా," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.

నెత్తికి కాస్త ఇవతల కనిపించింది కారు. రోడ్డు అంచున, ముక్కు పైకి పెట్టి నిలబడి ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. పై ప్రాణాలు పైనే పోయాయి మాకు. పరిగెత్తి లోపలికి తొంగిచూశాం. స్టీరింగుకు మేనకోడలు తలకు కట్టుకునే పసుపు గుడ్డ రెండు ముళ్లు వేసి కట్టి ఉంది. బావ పిలవబోయాడు.

పై మలుపులోంచి మేనకోడలు పెద్ద బండరాయి ఒకటి పొట్టకు ఆనించుకుని మోసుకుంటూ వస్తోంది.

"ఆయిలు లైటు వెలిగింది నాన్నా. వెంటనే ఆపేశా. స్టిక్కు తీసి చూస్తే నీళ్లలా కారుతోంది. ఫోన్ చేద్దామంటే ఇక్కడ సిగ్నల్ లేదు." మమ్మల్ని ఇద్దర్నీ పక్కపక్కన చూసి అప్పుడు ఆగింది. "అయినా గుడ్డ ఎవరు విప్పారు?"

అలవాటు కొద్దీ బావ చూపు నా మీదికి వచ్చింది. వచ్చి, అక్కడ నిలబడలేక కిందికి దిగింది.

"నేనే."

చేతిలోని ఎర్ర గుడ్డను మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ అన్నాడు.

"అప్పుడూ నేనేరా. మర్నాడు మీ అక్క ప్యాంటు ఉతుకుతుంటే జేబులో దొరికింది. అది వేరేదని దానికి చెప్పా. నాకూ అదే చెప్పుకున్నా. నిజం చెబితే ఇంకెవరూ నా దగ్గరికి బండి తీసుకురారని భయమేసింది."

ఆరేళ్లు. ఆయన ఎప్పటికైనా ఒప్పుకుంటే అనడానికి ఆరేళ్లుగా నేను దాచుకున్న మాటలు బస్తాలకొద్దీ ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. మేనకోడలు రాయి మోస్తూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. దాని వెనక, ఇరవై అడుగుల దూరంలో, రోడ్డు నెత్తి దాటి కిందికి పడిపోతోంది.

"ముందు ఆ రాయి చక్రం వెనక పెట్టు తల్లీ," అన్నాను.